అన్నీ కడిగిన ఏడాది

ఆ ఏడాది మా ఊళ్లో కడగనిది లేదు. రోడ్లు కడిగారు, చెట్లు కడిగారు, బడి గోడలు, బస్సుల కప్పులు కడిగారు. ఆఖరికి సెంటర్లో నిలబడ్డ రాతి సైనికుడి బూట్లు కూడా కడిగారు. ఏప్రిల్ చివర్లో చెర్నోబిల్ అణువిద్యుత్ స్టేషన్ పేలింది. దాని దుమ్ము కంటికి కనపడదు, ముక్కుకి అందదు. అందుకని ఊరు ఊరంతా తడిగుడ్డ పట్టుకుంది. రేడియోలోనూ అదే మాట: తడిగుడ్డతో తుడవండి, గుమ్మంలో తడి గోనె పరవండి, బూట్లు బయటే విప్పండి. ఇంకేం చెప్పాలో తోచక చెబుతున్నారని నాకు అనిపించేది. అయినా నేనూ తుడిచాను. చేతిలో గుడ్డ ఉన్నంతసేపు మనసుకి కాస్త పని ఉంటుంది.

వేసవి అయ్యేసరికి చాలామంది విసుగొచ్చి మానేశారు. మా చెల్లెలు మెలాన్యా మానలేదు. వాళ్లాయన యారెమా లారీ డ్రైవరు. మే నెలలో అతన్ని స్టేషన్‌కి కాంక్రీటు మోయడానికి పంపారు. నెలన్నర మోసి తిరిగొచ్చాడు. మనిషి బాగానే ఉన్నాడు, కొంచెం చిక్కాడు, మాట తగ్గింది. అతను వచ్చిన రోజు నుంచి అది పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి నేల తుడిచేది. చాకలి సోడా నీళ్లలో నాని దాని చేతులు వేళ్ల సందుల్లో పగిలిపోయాయి. వద్దే అంటే, "నీకేం, పెళ్లామా పిల్లలా, ఈగలతో కాపురం" అనేది. నాకు మొగుడు లేడని దెప్పడం చాలదన్నట్టు పెళ్లాన్ని కూడా కలిపేది.

ఈగలతో కాపురం అన్నమాట మాత్రం నిజం. నేను పనిచేసే లాబొరేటరీలో పళ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని పెంచుతాం, పోగేస్తాం, లెక్కపెడతాం. మా పెద్దాయన తారాస్ ఒమెల్యానోవిచ్ తన జీవితం సగం వాటికే ధారపోశాడు. ఏటా సెప్టెంబరు మొదట్లో ఊరి చివర పళ్ల సారా ఫ్యాక్టరీ నేలమాళిగలో ఈగల్ని పట్టడం మా ఆచారం. చర్చికి వెళ్లేవాళ్లు చర్చికి వెళ్లినట్టు మేం అక్కడికి వెళ్లేవాళ్లం. సీసాల్లో పులిసిన ఆపిల్ ముక్కలు వేసి మూల మూలకీ వేలాడదీస్తే అవే వచ్చి పడతాయి.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం మెలాన్యా మా ఇంటికొచ్చింది. కోటు విప్పలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, "అక్కా, నాకు నెల తప్పింది" అంది.

నాకు సంతోషం ముందొచ్చిందో భయం ముందొచ్చిందో ఇప్పటికీ తెలియదు. పెళ్లయి ఆరేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. ఇక కాదులే అని అందరం ఊరుకున్నాం.

"యారెమాకి చెప్పావా?"

"చెప్పా. బయటికెళ్లి లారీ కింద దూరాడు. ఏదో బిగిస్తున్నట్టు నటించి గంటసేపు రాలేదు."

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్లావా?"

"వెళ్లా. మొగుడు ఎక్కడ పనిచేశాడని అడిగింది. చెప్పా. పెన్ను కింద పెట్టి, 'చూడమ్మా, నువ్వింకా చిన్నదానివి, తర్వాత కనొచ్చు, ఇది తీయించేసుకో' అంది. అక్కడ బెంచీ మీద కూర్చున్న వాళ్లందరికీ ఇదే మాట చెప్పినట్టుంది. ఒక్కళ్లూ తలెత్తడం లేదు."

"ఏమన్నావు?"

"ఆలోచించుకుని చెప్తానన్నా. మూడో నెల దాటితే చెయ్యరుట. ఆలోచించడానికి నాకేం తెలుసక్కా? నీకు తెలుసు. మీ ఈగలు కూడా ఇక్కడి గాలే పీల్చాయి కదా. వాటి పిల్లలు ఎలా ఉన్నాయో చూసి చెప్పు. బాగుంటే ఉంచుకుంటా. లేకపోతే లేదు."

ఈగ వేరు, మనిషి వేరు అని చెప్పాను. మా నేలమాళిగకీ స్టేషన్‌కీ మధ్య ఎంత దూరముందో చెప్పాను. అది విన్నది. అంతా విని, "నువ్వు చూసి చెప్పు" అని లేచింది. వెళ్తూ గుమ్మంలో నా గోనె ఎండిపోయిందని చీవాట్లు పెట్టి, తనే తడిపి వెళ్లింది.

ఇక్కడ మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఈగలో క్రోమోజోములు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అడవి ఈగల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట ఒక ప్రాణాంతక జన్యువు దాగి ఉంటుంది. మేం చావు జన్యువు అనేవాళ్లం. జంటలో ఒకటి చెడ్డదైనా రెండోది మంచిదైతే ఆ ఈగకి ఏమీ కాదు, ఎగురుతుంది, తింటుంది, గుడ్లు పెడుతుంది. రెండు వైపుల నుంచీ అదే చావు వచ్చి కలిసినప్పుడే గుడ్డు ఈగ కాకుండా పోతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు కాబట్టి, వాటిని మా దగ్గర పెరిగే వంకర రెక్కల ఈగలతో గాజు గొట్టాల్లో మూడు తరాలు కలుపుతాం. చివరికి ఒకే క్రోమోజోము రెండు వైపులా పడ్డవి తిన్నని రెక్కలతో పుట్టాలి. గొట్టంలో తిన్నని రెక్కలు కనిపిస్తే ఆ క్రోమోజోము మంచిది. అన్నీ వంకర రెక్కలే అయితే చావు అందులో ఉన్నట్టే.

మామూలు ఏడాదిలో ఐదింట ఒకటి చెడ్డది తేలేది. ఆ అక్టోబరులో గొట్టాలు ఒక్కొక్కటే తెరిచి, ఈథర్‌తో మత్తిచ్చి, పాలరంగు గాజు పలక మీద పోసి, సన్నటి కుంచెతో అటూ ఇటూ జరుపుతుంటే నాకు ఒకటే కనిపించింది. వంకర, వంకర, వంకర. తిన్నని రెక్క కోసం కళ్లు వాచేలా వెతికాను. మూడింట ఒకటికి పైగా చెడ్డవే.

తారాస్ ఒమెల్యానోవిచ్‌ని పిలిచాను. ఆయన మైక్రోస్కోపు మీదికి వంగి, చాలాసేపు చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆయన కళ్లద్దాలు తుడిస్తే మంచిది కాదని లాబొరేటరీలో పిల్లికి కూడా తెలుసు.

"దోస్యా, ఇది బయట ఎవరితోనూ అనకు. మీ చెల్లెలితో కూడా" అన్నాడు.

"దాని సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పదిరోజులుగా నువ్వు ఎండుద్రాక్ష తినడం లేదు."

ఈగల తిండిలో వేయడానికి రవ్వ, ఈస్టు, ఎండుద్రాక్ష వస్తాయి. ద్రాక్షలో సగం ఈగలకి, సగం మాకు. ఎప్పుడూ ముందు నేనే పొట్లం విప్పేదాన్ని.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పాడు. "రెండిట్లో ఏదో ఒకటి. స్టేషన్ దుమ్ము కొత్త దెబ్బలు కొట్టి ఉంటే, ఒక్కో ఈగకి ఒక్కో చోట తగిలి ఉంటుంది. అప్పుడు ఇవన్నీ వేర్వేరు చావులు. లేదా ఈసారి ఏదో కారణంగా చాలా కొద్ది ఈగలే మిగిలి, అన్నీ వాటి సంతానమే అయి ఉంటాయి. ఒకే ముత్తవ్వ దగ్గరున్న పాత చావు మనవలందరికీ పాకిపోయి ఉంటుంది. జనాభా చిన్నదైతే అంతే. అప్పుడు ఇవన్నీ ఒకటే చావు."

"రెండూ గొట్టంలో ఒకేలా కనపడతాయి."

"ఒకదానితో ఒకటి కలిపితే ఒకేలా కనపడవు. చెడ్డవాటిని చెడ్డవాటితో కలుపు. వేర్వేరు చావులైతే తిన్నని రెక్కలు పుడతాయి. ఒకటే అయితే పుట్టవు."

నేను ఎప్పుడూ కోరుకోనిది ఆ రోజు కోరుకున్నాను. తిన్నని రెక్కలు పుట్టకూడదని. చావులన్నీ ఒకటే కావాలని.

మెలాన్యా దగ్గరికి వెళ్లకూడదనుకున్నాను. వెళ్లకపోతే అదే వస్తుంది, వచ్చి నా మొహం చూస్తుంది. కాబట్టి నేనే వెళ్లాను. ఐదో అంతస్తు. మెట్లు కూడా తడిగా ఉన్నాయి, తన వాటానే కాదు, కింది వాళ్ల వాటా కూడా అదే కడుగుతోందని తర్వాత తెలిసింది. యారెమా వంటింట్లో బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాడు. నన్ను చూసి తల వూపి, కత్తీ గిన్నే పట్టుకుని బాల్కనీలోకి పోయాడు.

"చెప్పు" అంది మెలాన్యా.

"ఇంకా తేలలేదు."

"అక్కా, నువ్వు చిన్నప్పుడు అమ్మ కప్పు పగలగొట్టి కూడా ఇలాగే 'ఇంకా తేలలేదు' అన్నావు. చెడ్డవి ఎక్కువున్నాయా?"

నేను బాల్కనీ వైపు చూశాను.

"ఎంత ఎక్కువ?"

"ఎక్కువే. కానీ దానర్థం ఏమిటో ఇంకా..."

"ఎక్కువంటే ఎక్కువే కదా" అని అది సింకు దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు. నీళ్లు తగిలి పగుళ్లు మండితే పళ్లు బిగపట్టింది. "సోమవారానికి రమ్మంది డాక్టరమ్మ. వెళ్తాను."

నేను దాని మోచెయ్యి పట్టుకున్నాను. ఒకటే చావు, వేర్వేరు చావులు, కలిపి చూడటం, అన్నీ గడగడా చెప్పాను. దానికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. "నీకు ఇంకా టైముంది. ఆ గొట్టాలు తెరిచేదాకా ఆగు. పైనెల మొదటి సోమవారం వెళ్లు, అప్పటికీ మూడో నెల దాటదు. నేను అడిగేది ఇదొక్కటే" అన్నాను.

"ఆగితే అది నాలో పెరుగుతూ ఉంటుంది, తెలుసా నీకు? ఒక్కో రోజూ తీయించుకోవడం ఇంకా కష్టమవుతుంది."

"తెలుసు."

"తెలీదు నీకు" అంది. కుళాయి కట్టేసి, "సరే, ఆగుతా" అంది.

ఆ రెండు వారాలు నేను మనిషిలా లేను. గొట్టాలు తొందరపడవు కదా. ఈగ గుడ్డు పెట్టాలి, పురుగు కావాలి, గొట్టం గోడెక్కి గూడు కట్టాలి, అందులోంచి ఈగ రావాలి. నేను మాత్రం గంటకోసారి వెళ్లి దూది బిరడాలు చూసొచ్చేదాన్ని. గది వెచ్చగా ఉందా లేదా అని థర్మామీటర్ చూసేదాన్ని. నువ్వు పొదిగినా అవి తొందరగా పుట్టవు అని తారాస్ ఒమెల్యానోవిచ్ ఎగతాళి చేశాడు. నవ్వు రాలేదు. ఆయనకీ రాలేదు.

చివరికి గొట్టాలు తెరిచిన రోజు వర్షం. మొదటి గొట్టం పలక మీద పోశాను. వంకర. రెండోది వంకర. మూడోదాంట్లో తిన్నని రెక్కలు కనిపిస్తే, ఒకటికి రెండుసార్లు కుంచెతో తిప్పి చూశాను. నాలుగు, ఐదు, ఆరు అన్నీ వంకర. మధ్యాహ్నానికి తేలిపోయింది. ఎక్కడో ఒకటీ అరా తప్ప మిగతావన్నీ ఒకటే చావు. ఒకే ముత్తవ్వ మనవలు. నేను టేబులు మీద తల పెట్టి ఏడ్చాను. లాబొరేటరీలో ఏడవడం అదే మొదలు.

తారాస్ ఒమెల్యానోవిచ్ నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత మెల్లగా నా ఆశ మీద నీళ్లు చల్లాడు. "దోస్యా, సెప్టెంబరులో సీసాలు కట్టింది నువ్వే. తీసింది ఎవరు?"

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. సీసాలు కట్టిన మర్నాడే మమ్మల్ని అందర్నీ బీటుదుంపలు తవ్వడానికి పొలాలకి పంపారు. ప్రతి శరత్తులోనూ పంపుతారు, డాక్టరేటు ఉన్నా సరే, పార పట్టాల్సిందే. సీసాలు తీసి బిరడాలు బిగించి ఇచ్చింది నేలమాళిగ కాపలా చూసే స్టెపనీద పిన్ని.

"ఆవిడ మంచి మనిషి. మనం ఉత్తచేతులతో పోకూడదని, ఈగలు దండిగా ఉన్నచోట ఒక్క సీసాలో పట్టి మిగతా వాటిలోకి వంచేసి ఉంటే? అప్పుడు అవి అక్కాచెల్లెళ్లు కాక ఏమవుతాయి? ఒకటే చావు అని తేలుతుంది. నేలమాళిగ గురించి మనకేమీ తెలియనట్టే" అన్నాడు.

ఆ మాట నాకు తట్టనందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. కోటు వేసుకుని వానలో బయల్దేరాను. శుక్రవారం. సోమవారం మెలాన్యా వెళ్లాలి.

నేలమాళిగ మెట్లు దిగుతుంటే సున్నం వాసన వేసింది. ఎప్పుడూ పులిసిన పళ్ల వాసనతో తల తిరిగే చోటు. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. అయితే ఈగలు మాత్రం ఉన్నాయి, దీపం చుట్టూ, పీపాల మూతల మీద, ఎప్పటిలాగే ముసురుతున్నాయి. స్టెపనీద పిన్ని స్టూలు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటోంది.

"పిన్నీ, నా సీసాల సంగతి అడగాలి. ఒక్కదాంట్లోంచి మిగతా వాటిలోకి వంచావా?"

"ఎందుకు వంచుతాను? నువ్వు కట్టినచోటే ఉన్నాయి. దూది పెట్టి బుట్టలో వేశాను, అంతే."

"నిజం చెప్పు, నిన్ను ఎవరూ ఏమీ అనరు."

"నిజమే చెప్తున్నా. నీ సీసాలు తాకితే నీ నోటికి ఎవరు జవాబు చెప్తారు?"

"మరి అన్నీ ఒకే కుటుంబం ఎలా అయ్యాయి పిన్నీ? ఈ నేలమాళిగలో లక్షల ఈగలుంటాయి."

ఆవిడ చేతిలో గింజ ఆగిపోయింది. చూపు పక్కకి జరిగింది, పళ్ల రసం పిండే పాత యంత్రం ఉన్న మూలవైపు. వెంటనే మళ్లీ నా మొహం మీదికి వచ్చింది. ఆవిడ దాస్తున్నది సీసాల సంగతి కాదని నాకు అప్పుడు అర్థమైంది. నేను లేచి ఆ మూలకి వెళ్లాను. యంత్రం వెనక, గోనెసంచుల కింద, ఒక చిన్న పీపా. మూత ఎత్తగానే ఈగలు మొహం మీదికి లేచాయి. లోపల ఉప్పునీళ్లలో నానిన ఆపిల్ పళ్లు, అడుగున కొన్ని మిగిలాయి.

"తల్లీ, ఎవరికీ చెప్పకు" అంది స్టెపనీద పిన్ని నా వెనకే వచ్చి. "కిందటేడాది పళ్లు. స్టేషన్ పేలకముందువి. అన్నీ పారబోయమన్నారు. వేసవంతా కడిగే బ్రిగేడు వాళ్లు గొట్టాలతో వచ్చి వారానికి రెండుసార్లు సోడా నీళ్లు, సున్నం కొట్టారు. పీపాలు ఎండిపోయాయి. జూన్‌లో ఇక్కడ ఒక్క ఈగ లేదు, చెవిలో గుయ్యిమనే చప్పుడు లేదు, నాకే భయమేసింది. మంచి పళ్లు పారబోయడానికి నాకు చేతులు రాలేదు. ఇదొక్కటి వాళ్ల కంట పడకుండా దాచా. మిగిలిన నాలుగు ఈగలకీ ఉన్న చోటు ఇదే."

"ఆగస్టులో కొత్త పళ్లొచ్చాక?"

"ఇందులోంచే బయల్దేరాయి. ఎంతసేపు? పదిహేను రోజుల్లో నేలమాళిగంతా నిండిపోయాయి."

నేను ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టుకున్నాను. ఎందుకో ఆవిడకి తెలియక, మూత గట్టిగా మూసి దాని మీద కూర్చుంది.

నేను పరుగెత్తినట్టే లాబొరేటరీకి వచ్చి తారాస్ ఒమెల్యానోవిచ్‌కి చెప్పాను. ఆయన అంతా విని, "అయితే ఈ పెరుగుదల స్టేషన్ వల్ల కాదు. కడగడం వల్ల" అన్నాడు.

"చెల్లెలికి చెప్పొచ్చా?"

"ఏమని?"

"బాగున్నాయని."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు అలా చెబితే నేనేమీ అనను. కానీ నీకు తెలుసు. స్టేషన్ ఏమీ చేయలేదని ఈ ఈగలు చెప్పడం లేదు. చేసి ఉన్నా ఈ ఒక్క పాత చావు కింద మనకి కనపడదు. ఈ ఏడాది మనం దేన్నైతే చూడాలనుకున్నామో దాన్నే కడిగేశారు. మనకి తెలిసింది ఒక్కటే, కొద్ది ఈగలు మిగిలాయని."

వానలో నడుస్తూ దారంతా నాతో నేనే వాదించుకున్నాను. బాగున్నాయి అంటే చాలు. రెండు ముక్కలు. అది నమ్ముతుంది, ఉంచుకుంటుంది. కానీ మేలో ఏదైనా జరిగితే? పుట్టింది సరిగ్గా లేకపోతే? అప్పుడు దాని మొహం ఎలా చూడను? పోనీ నిజం చెబితే, సోమవారం వెళ్లిపోతే? మూడోసారి నిలిచింది నా నిజం వల్ల పోతే? ఏది చెప్పినా నేనే చంపినట్టో నేనే బతికించినట్టో అయ్యేలా ఉంది. అంత బరువు ఈగల మీద పెట్టినందుకు దాని మీదా కోపం వచ్చింది. మెట్లెక్కుతూ తడిసిన చోట జారి మోకాలు కొట్టుకుని ఇంకా కోపం వచ్చింది.

మెలాన్యా మోకాళ్ల మీద కూర్చుని నడవ తుడుస్తోంది. తలెత్తి చూసింది. లేవలేదు.

నేనూ బూట్లు విప్పి దాని పక్కనే తడి నేల మీద కూర్చున్నాను. మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. ఒకటే చావని చెప్పాను. పీపా గురించి, సున్నం గురించి చెప్పాను. ఆఖరికి, "కాబట్టి ఎక్కువుండటం స్టేషన్ వల్ల కాదు. కానీ స్టేషన్ వల్ల ఏమైందో ఇవి చెప్పలేవు" అన్నాను.

"అంటే మీకూ తెలీదు."

"తెలీదు."

"డాక్టరమ్మకి?"

"ఆవిడకీ తెలీదు."

"ఆవిడ తెలిసినట్టే మాట్లాడిందే."

"భయపడి మాట్లాడింది. నేనూ భయపడే ఉన్నాను, మెలాన్యా. నీకు అబద్ధం చెబుదామని సగం దారిదాకా అనుకుంటూ వచ్చా."

అది గుడ్డ బకెట్‌లో ముంచి, పిండకుండా అలాగే పట్టుకుంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. "ఆ పీపాలోంచి వచ్చినవి చచ్చిపోయాయా?" అంది.

"లేదు. నేలమాళిగంతా అవే. దీపం కనపడనంతగా ముసిరాయి."

"ఆ చావు పెట్టుకునే?"

"పెట్టుకునే. మోస్తూ బతుకుతున్నాయి. అందరం అంతే. నీలోనూ నాలోనూ ఏవో ఉంటాయి, స్టేషన్ కట్టకముందు నుంచీ. అమ్మలోనూ ఉండేవి. లేని మనిషి లేడు."

"ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"అడగడానికి నాకేం తెలుసు" అంది, కానీ కోపంగా కాదు. గుడ్డ బకెట్‌లో వదిలేసింది. చేతులు లంగాకి తుడుచుకుని గోడకి ఆనుకుంది. నేను బకెట్ పక్కకి జరిపాను. చివరికి, "నువ్వెళ్లు అక్కా. నాకు నిద్రొస్తోంది" అంది.

సోమవారం నేను గొట్టాలు రెండుసార్లు చేజార్చాను. పని అయ్యాక నేరుగా వాళ్లింటికి వెళ్లాను. మెట్లు పొడిగా ఉన్నాయి. వెళ్లొచ్చిందన్నమాట అనుకున్నాను. మంచంలో పడి ఉంటే తుడిచేదెవరు అనిపించింది. తలుపు తీసింది మెలాన్యానే. చేతిలో గరిటె, వెనక నుంచి బోర్ష్ పులుసు వాసన. గుమ్మంలో గోనె లేదు.

"అలా చూస్తావేం? నేను వెళ్లలేదు" అంది. "లోపలికి రా, చల్లారిపోతోంది."

ఆ శీతాకాలం నాకు గుర్తున్నది భయమొక్కటే. దాని పొట్ట పెరిగేకొద్దీ నా భయం పెరిగింది. అది తింటుంటే, నవ్వుతుంటే, యారెమా మొదటిసారి దాని పొట్ట మీద చెవి పెడితే, నాకు ప్రతిసారీ ఇది నా మాట మీద జరుగుతోందనే గుర్తొచ్చేది. కలల్లో గొట్టాలు తెరిచేదాన్ని. నేను చెప్పింది నిజమే. నిజం చెప్పినా భయం పోదని అప్పుడు తెలిసింది. అది మాత్రం నేల వారానికి ఒక్కసారి తుడిచేది, అందరిలాగే.

మే మూడో వారంలో ప్రసూతి ఆస్పత్రికి తీసుకెళ్లారు. లోపలికి ఎవర్నీ రానివ్వరు, కబురు కూడా సరిగ్గా చెప్పరు. మర్నాడు మధ్యాహ్నం నేనూ యారెమా కిటికీల కింద నిలబడ్డాం, మాతో పాటు ఇంకో పదిమంది, మొగుళ్లూ అత్తలూ, అందరి మెడలూ పైకే. యారెమా ఒక్కడే కిటికీలకి వీపు పెట్టి, లిలాక్ పొద వైపు తిరిగి, టోపీ నలుపుతూ నిలబడ్డాడు. తిరగమన్నాను. తల అడ్డంగా వూపాడు.

మూడో అంతస్తులో మెలాన్యా కనిపించింది. చేతుల్లో గట్టిగా చుట్టిన మూట. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి చుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. పక్కన నర్సు ఏదో తిడుతున్నట్టుంది, లెక్క చేయలేదు. ముందు బిడ్డ చెయ్యి ఒకటి ఎత్తి అద్దానికి ఆనించింది. తర్వాత రెండో చెయ్యి. తర్వాత ఒక కాలు, ఇంకో కాలు. నా కోసమే చూపిస్తోంది. పట్టుకున్న మెలాన్యా చేతుల మీద పగుళ్లు ఎప్పుడో మానిపోయాయి.

అది చిన్న కిటికీ రెక్క తెరిచి అరిచింది. "లెక్క సరిపోయిందా అక్కా?"

ఇరవై ఏళ్లుగా లెక్కపెట్టడమే నా పని. ఆ రోజు రెండో చేతి దగ్గరే కళ్లు మసకబారి లెక్క తప్పాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పాను.

"సరిపోయింది" అని అరిచాను. యారెమా భుజాలు పట్టుకుని కిటికీ వైపు తిప్పాను.